నమిలిన పుస్తకాల తాత

దగ్గరికి జరగండి. ఆ గోడకి ఆనుకుని కూచుంటే మీకు నిద్రొస్తుంది, నాకు కోపమొస్తుంది. టీ తాగుతూ వినండి, చిక్కుళ్ళకి ఈనెలు తీసుకుంటూ వినండి, నాకేం పట్టింపు లేదు. మధ్యమధ్యలో "ఊ" అంటే చాలు. ఊ కొట్టనివాళ్ళకి కథ చెప్పకూడదని నాకు నేర్పినాయన గురించే చెప్పబోతున్నాను. ఆయన పోయాడు. పోయినవాళ్ళ గురించి మంచే చెప్పాలంటారు. ఈయన విషయంలో అలా మొదలుపెడితే రెండు ముక్కల్లో అయిపోతుంది. అందుకని ఉన్నది ఉన్నట్టు చెబుతాను.

మొన్న మనవణ్ణి బుగ్గీలో, అదే పిల్లల తోపుడుబండిలో, వేసుకుని మా పేట లైబ్రరీకి వెళ్ళాను. గుమ్మం పక్కన ఒక అట్టపెట్టె పెట్టారు. పాడైపోయిన పిల్లల పుస్తకాలు, కావలసినవాళ్ళు ఊరికే పట్టుకుపోవచ్చు. అన్నిటికన్నా పైన ఉంది ఆ పుస్తకం. నాలుగు మూలలూ నమిలేసి, వీపున టేపు మీద టేపు. తెరిస్తే మధ్యలో సూపర్‌మార్కెట్ రసీదు ముక్క, దానికి గుండ్రంగా ఒక చిల్లు. ఆ చిల్లు చూడగానే ముందు నవ్వొచ్చింది. ఆ తరవాత బుగ్గీ పట్టుకుని కాసేపు అక్కడే నిలబడిపోయాను.

మేముండేది ఐర్లండ్‌లో, డబ్లిన్ పక్కన క్లాండాల్కిన్‌లో. మా అమ్మాయీ అల్లుడూ ఉద్యోగాలకి వెళితే మనవణ్ణి చూసుకోడానికి గోదావరి జిల్లా నుంచి వచ్చినదాన్ని. పక్కింట్లో స్రవంతి అని గుంటూరు వైపు అమ్మాయి, వాళ్ళాయన, మూడేళ్ళు నిండిన కూతురు మేధ. ఆ స్రవంతి మామగారే ఈయన. పేరు చెప్పను. చెప్పినా ఇక్కడ ఎవరికీ తెలీదు, అందరికీ ఆయన టికెట్ తాతే. బస్సు కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. రిటైరయ్యాడన్న సంగతి ఆయనకొక్కడికే తెలీదు.

బక్కమనిషి, గొంతు మాత్రం ఇద్దరు మనుషులది. భుజానికి అడ్డంగా ఎప్పుడూ పాత తోలుసంచీ. అందులో టికెట్లకి చిల్లు కొట్టే ఇనప పంచ్ ఒకటి. విమానంలో దాన్నెలా రానిచ్చారని అడిగితే, "ఆఫీసరు చూశాడు, సెల్యూట్ కొట్టాడు" అన్నాడు. అబద్ధాలు ఆయనకి ఆవలింతల్లాగా వచ్చేవి, ఆపుకునేవాడు కాదు.

ఇక్కడి బస్సుల్లో కండక్టరు ఉండడని తెలిసిన రోజు ఆయన అన్నం సరిగ్గా తినలేదట. ఆ మర్నాటి నుంచి ఆ ఉద్యోగం తనే పుచ్చుకున్నాడు. సీట్లన్నీ ఖాళీగా ఉన్నా తలుపు దగ్గర కమ్మీ పట్టుకుని నిలబడేవాడు.

"కూచోండి అన్నయ్యగారూ, మోకాళ్ళు పోతాయి."

"డ్యూటీలో కూచుంటే సస్పెండ్ చేస్తారు చెల్లెమ్మా."

ఈ దేశంలో బస్సు దిగేటప్పుడు ప్రతివాళ్ళూ డ్రైవరుకి థాంక్స్ చెప్పి దిగుతారు. ఈయన తలుపు దగ్గరే నిలబడి ఒక్కొక్కళ్ళకీ తలూపుతూ "పర్లేదు, పర్లేదు, జాగ్రత్తగా దిగండి" అని తెలుగులో సాగనంపేవాడు.

"వాళ్ళు చెబుతోంది మీకు కాదండీ, డ్రైవరుకి!"

"డ్రైవరుకి ఎవుడు చెప్తాడమ్మా? వాడు చక్రం తిప్పుతాడంతే. బస్సు నడిపేది కండక్టరు."

మధ్యాహ్నం క్రెష్ నుంచి, అదే చంటిపిల్లల బడి నుంచి, మేధని తీసుకుని ఆయనా, బుగ్గీ తోసుకుంటూ నేనూ లైబ్రరీకి వెళ్ళేవాళ్ళం. స్రవంతి ఇంటి నుంచే పని చేసేది, సాయంత్రం దాకా చెవులకి తగిలించుకున్నవి తీసేది కాదు. "మావయ్యా, మేధకి మంచి బుక్స్ చూసి తెచ్చి చదవండి" అని ఆ పని ఆయనకి అప్పజెప్పింది. ఇంగ్లీషు వచ్చా అని అడగడం ఆమెకి తోచలేదు, రాదని చెప్పడం ఆయనకి తోచలేదు.

ఆయన పుస్తకం ఎంచే పద్ధతి మీరు ఎక్కడా చూసుండరు. కొత్తదాన్ని ముట్టుకునేవాడు కాదు.

"దీన్ని ఎవురూ ఎక్కలా. ఖాళీ బస్సు ఎక్కమాక చెల్లెమ్మా. ఖాళీగా ఉందంటే ఊరికి పోదనన్నా అర్థం, డ్రైవరు తాగున్నాడనన్నా అర్థం. జనం ఏలాడే బస్సే ఊరు చేరుద్ది."

అట్ట చూసేవాడు కాదు, బొమ్మలు చూసేవాడు కాదు. బొటనవేలితో మూలలు తడిమేవాడు. ఏ పుస్తకం మూలలు మెత్తగా, పళ్ళగాట్లు పడి, ఉబ్బిపోయి ఉన్నాయో అది సంచీలోకి. "ఇదిగో, పళ్ళు పడ్డయ్. పిల్లలకి రుచి తెలుసు."

"పుస్తకం బాగుండి నమల్లేదేమోనండీ, పళ్ళొస్తున్నాయేమో."

"పళ్ళొచ్చేవాడి చుట్టూ వంద పుస్తకాలు ఉంటయ్. ఇదే ఎందుకు నమిలాడు?"

అని సంచీ మూసేశాడు.

మంచి పిల్లల పుస్తకాలని అందరూ మెచ్చుకునేవాటిని ఆయన తిట్టిన తిట్లు నేను మర్చిపోలేదు. ప్యాంటు వేసుకున్న కుందేలు బొమ్మ చూసి, "ఇదేం అబద్ధమాడుద్దమ్మా, ఇది ఉద్యోగానికి పోతంది" అని పక్కన పడేశాడు. ఎలుగుబంటీ నక్కా కౌగిలించుకుని కేకు తినే పుస్తకాన్ని నా ముందర పెట్టి, "చూడు చెల్లెమ్మా! ఎవుడికీ ఆకలి లేదు, ఎవుడూ దొంగతనం చెయ్యడు, ఎవుడూ ఎవుడికీ బాకీ లేడు. కడుపునిండినోళ్ళు. ఈళ్ళకి కతెందుకు, పడుకోక?" అన్నాడు.

ఇక చదవడం. పుస్తకం పిల్లవైపు తిప్పి పట్టుకుని, పైనుంచి బొమ్మని తలకిందులుగా చూస్తూ, నోటికొచ్చిన కథ చెప్పేవాడు. పేజీ తిప్పేముందు వేలు నాలిక్కి అద్దుకుని "రైట్ రైట్" అని కేకేసేవాడు. ఆయన చేతిలో పడ్డ ఎలుగుబంట్లన్నీ అప్పులు ఎగ్గొట్టాయి. బాతులన్నీ అత్తగారి మీద చాడీలు చెప్పాయి.

మేధకి తెలుగు అర్థమయ్యేది, నోటి వెంట మాత్రం ఇంగ్లీషే, అదీ ఇక్కడి యాసతో. తాత మొదటి కథ చెప్పినప్పుడు క్రెష్‌లో నేర్పినట్టు పెదాల మీద వేలు పెట్టుకుని బొమ్మలా కూచుంది. ఆయన రెండు వాక్యాలు చెప్పి పుస్తకం మూసేశాడు. కిటికీ వైపు తిరిగి వాన చూస్తూ కూచున్నాడు.

"తాతా, యూ స్టాప్డ్."

"ఊ అనకపోతే బస్సు కదల్దు."

పిల్ల చాలాసేపు ఆలోచించింది. ఆ తరవాత, ఏదో తప్పు పని చేస్తున్నట్టు చిన్నగా "ఊ" అంది. ఆయన జేబులోంచి రసీదు ముక్క తీసి, పంచ్‌తో టక్కున చిల్లు కొట్టి చేతిలో పెట్టాడు. టికెట్ అన్నమాట. తాతా అన్న పిలుపు కాక, పుట్టాక ఆ పిల్ల ఆయనతో తెలుగులో అన్న మొదటి మాట అదే. మాటంటే మాట కాదు, నాకూ తెలుసు. కానీ ఆ రోజు ఆయన ఇంటికి వెళ్ళేదాకా ఈల వేస్తూనే ఉన్నాడు.

ఆ తరవాత ఆయనకి ఊ పిచ్చి పట్టింది. వారానికోసారి లైబ్రరీలో ఎర్రకళ్ళజోడు పెట్టుకున్న పొడుగాటావిడ పిల్లలందరినీ తివాచీ మీద కూచోబెట్టి కథ చదివేది. పిల్లలు నోళ్ళు మూసుకుని వింటుంటే వెనకనుంచి ఈయన వాక్యానికో "ఊ". మొదటిసారి ఆవిడ ఎవరికో ఒంట్లో బాలేదనుకుని చదవడం ఆపేసింది. నాకు తలకాయ ఎక్కడ పెట్టుకోవాలో తెలీలేదు. కానీ నెల తిరిగేసరికి ఆవిడే వాక్యం అవగానే కళ్ళెత్తి ఆయన వైపు చూడ్డం మొదలుపెట్టింది. ఆయన ఊ అంటేనే, బాగుంది అన్నట్టు "గ్రాండ్" అని పేజీ తిప్పేది.

ఇలా వెళుతున్న బండి ఎక్కడ బోల్తా పడిందో చెబుతాను. మీరు ఊ అంటున్నారా?

ఆ లైబ్రరీ మొత్తానికి అందరికన్నా ఎక్కువ నమిలిన పుస్తకం ఒకటి దొరికింది ఆయనకి. మూలలే కాదు, వీపు కూడా నమిలేశారు. లోపల అంతా ఒకడే పిల్లాడు. నీలంరంగు కుర్చీలాంటి దాని మీద, చేతులు రెండూ పక్కలకి ఆనించి, దర్జాగా కూచునున్నాడు. చుట్టూ అమ్మా నాన్నా నిలబడి చప్పట్లు కొడుతున్నారు. టికెట్ తాత తన్మయుడైపోయాడు. "రాజు! సింహాసనం!"

మీకు అర్థమయ్యే ఉంటుంది. నాకు మాత్రం అప్పుడు అర్థం కాలేదు. పిల్లలకి దొడ్డికి కూచోడం నేర్పడానికి బొమ్మల పుస్తకం వేస్తారని నాకేం తెలుసు? మా చిన్నప్పుడు ఆ చదువంతా కాలవగట్టునే అయిపోయింది. మేధ కోసం స్రవంతి కొన్న గులాబీరంగు పాటీ ఒకటి వాళ్ళ బాత్‌రూమ్‌లో ఉండేది. ఈయన దాన్ని స్నానాల పీటనుకుని దాని మీద చెంబు పెట్టుకునేవాడు.

ఆ పుస్తకం పట్టుకుని మొదలుపెట్టాడు కథ. అనగనగా ఒక అబద్ధాల రాజు. ఆయనకి ఎవరో ఒక సింహాసనం పంపారు. దాని మీద కూచుని అబద్ధమాడితే అతుక్కుపోతారు. రాజు కూచున్నాడు. కూచోగానే, "నిన్న నేను ఒంటిచేత్తో ఏనుగునెత్తా" అన్నాడు. అతుక్కుపోయాడు! మంత్రులు లాగారు, రాలేదు. "మిగతాది రేపు. టికెట్ దాచుకో" అన్నాడు తాత. రేపు వచ్చింది, రాజు ఇంకో అబద్ధం చెప్పాడు, ఇంకా గట్టిగా అతుక్కున్నాడు. వారమైనా రాజు దిగలేదు. మేధ గుప్పిట్లో టికెట్లు పెరుగుతున్నాయి.

ఇక్కడ ఇంకో సంగతి. వేసవి సెలవులయ్యాక మేధ ప్లేస్కూల్లో చేరాలి. చేరాలంటే నాపీ, అదే డైపరు, మానాలి. ఒక సాయంత్రం నేను పెరట్లో బట్టలు ఆరేస్తుంటే కంచె అవతల నుంచి స్రవంతి గొంతు వినబడింది.

"మావయ్యా, అది పాటీ బుక్!"

"ఏ బుక్కు?"

"టాయిలెట్‌కి కూచోడం నేర్పే బుక్ మావయ్యా! మేధ క్రెష్‌లో పాటీ మీద కూచోనంటోందట. కూచుంటే అతుక్కుపోతానని ఏడుపు. పైగా అందరికీ చెప్పింది. ఇవాళ క్లాసులో ఒక్క పిల్లా కూచోలేదట! టీచర్ నాకు ఫోన్ చేసింది. ఇంగ్లీష్ రాదని నాకు ముందే చెప్పొచ్చుగా? మీరు చదువుతున్నారనుకున్నా నేను!"

"చదివాగదమ్మా."

"ఏం చదివారు?"

"బొమ్మ."

నేను చీర కొంగు నోట్లో కుక్కుకున్నాను. స్రవంతికి మాత్రం నవ్వు రాలేదు, రాదు కూడా. పగలంతా పని, సాయంత్రం ఈ పంచాయితీ. "ఇవాళ్టి నుంచి బుక్స్ నేనే చదువుతా. ఉన్నది ఉన్నట్టు. మీరు దయచేసి ఏ కథా చెప్పకండి" అంది. ఆయన తోలుసంచీ తీసి మెట్ల కింద కొక్కేనికి తగిలించాడు.

మర్నాడు బస్సెక్కాం. ఆయన నేరుగా వెళ్ళి సీట్లో కూచున్నాడు.

"ఒంట్లో బాలేదా అన్నయ్యగారూ?"

"డ్యూటీ దిగిపోయా చెల్లెమ్మా."

దిగేవాళ్ళు థాంక్స్ చెబుతున్నారు. ఆయన కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. కాసేపటికి తనలో తను అనుకున్నట్టు, "ఉన్నదంతా ఆ ఒక్క ఊ యేగదమ్మా నాకు ఈ దేశంలో" అన్నాడు. వెంటనే అలా అన్నందుకు చిరాకుపడి, "అయినా కతని మధ్యలో ఆపారు. రాజు ఆడే ఉన్నాడు. ఎట్టా దిగుతాడో నాకొక్కడికే తెలుసు" అన్నాడు.

"ఎలా దిగుతాడండీ?"

"ఊ కొడతావా?"

"బస్సులోనా!"

"అయితే వద్దులే."

ఆ రాజు ఎలా దిగుతాడో అప్పటికి ఆయనకీ తెలీదనే నా అనుమానం.

ఈ దేశపు జూన్ నెల మీకు తెలుసుగా. పిల్లల్ని పడుకోబెట్టే వేళకి కూడా బయట ఫెళ్ళున ఎండ. "పొద్దే గుంకలేదు, నేనెందుకు పడుకోవాలి" అన్నట్టు చూస్తారు పిల్లలు. అలాంటి ఒక సాయంత్రం పెరుగు తోడు కోసం స్రవంతి వాళ్ళింటికి వెళ్ళాను. సోఫాలో మేధని పక్కన కూచోబెట్టుకుని ఆమె అదే పుస్తకం చదువుతోంది. పిల్ల భయం పోగొడదామని ఆమె పట్టుదల. వారం నుంచీ అదే పుస్తకమట. ముందు గది తలుపు ఓరగా తీసుంది, లోపల ఆయన మంచం మీద కూచున్నాడు. నేను తోడు గిన్నె పట్టుకుని వంటింటి గుమ్మంలోనే ఆగిపోయాను. వెళ్ళిపోవచ్చు. వెళ్ళలేదు.

స్రవంతి ఇంగ్లీషులో చదువుతోంది. బాబు పాటీ మీద కూచున్నాడు.

"ఊ" అంది మేధ.

బాబుకి పని అయిపోయింది.

"ఊ."

బాబు చేతులు కడుక్కున్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు.

ఊ లేదు. "హౌ డిడ్ హీ గెట్ అప్, అమ్మా?"

"జస్ట్ లేచాడు కన్నా."

"నో. హీ వాజ్ స్టక్."

"ఎవరూ అతుక్కోలేదమ్మా. చూడు, ఇందులో లేదు."

"హీ ఈజ్ స్టిల్ స్టక్" అంది మేధ. అని, పేజీ వెనక్కి తిప్పి చూపించింది. "హీ ఈజ్ స్టిల్ దేర్, అమ్మా."

స్రవంతి పుస్తకం మూసింది. ఆ తరవాత ముందు గది వైపు చూడకుండానే పిలిచింది.

"మావయ్యా!"

"ఏందమ్మా?"

"ఆ రాజు దిగాడా, లేదా?"

"ఎవురికి కావాల?"

"మేధకి."

ఆయన మంచం మీంచి లేవలేదు. ముసలాయన మొండితనం అంతా ఇంతా కాదు.

"నాక్కూడా" అంది స్రవంతి.

అప్పుడొచ్చాడు. వచ్చేముందు మెట్ల కిందకి వెళ్ళి సంచీ తగిలించుకునే వచ్చాడు. సోఫాలో కూచోలేదు, ఎదురుగా నిలబడ్డాడు. కోడలి వైపు చూసి, "ఊ కొట్టాల" అన్నాడు.

"ఊ."

"బస్సు యెనకాలోళ్ళకి ఇనపడాల."

"ఊ!"

"రైట్ రైట్. రాణి వచ్చి బిందెడు ఆముదం పోసింది."

"ఊ."

"సేనాధిపతి గడ్డపార తెచ్చాడు."

"ఊ."

"వడ్రంగి వచ్చి, సింహాసనంతో పాటు రాజుని కూడా కాస్త కోస్తే వస్తాడన్నాడు."

మేధ కిలకిలా నవ్వింది. స్రవంతి పెదాలు బిగపట్టుకుంది.

"ఆఖరికి అందరికీ విసుగొచ్చింది. ఎవురి కొంపలకి వాళ్ళు పోయారు. దీపాలు ఆర్పేశారు. అంత పెద్ద కోటలో రాజు ఒక్కడే. అప్పుడు సన్నంగా అన్నాడు. 'ఒరే, ఎవురన్నా ఉండారంట్రా? ఒక్కణ్ణే కూచోవాలంటే నాకు బయ్యంరా. పక్కన కూచుని నాలుగు మాటలు చెప్పండ్రా.'"

ఎవరూ ఊ అనలేదు. ఆయనా అడగలేదు. పంచ్ పట్టుకున్న చెయ్యి అలా గాల్లోనే ఉంది.

"ఆ రాజు పుట్టి బుద్ధెరిగాక చెప్పిన మొదటి నిజం అదే. సింహాసనానికి తెల్సిపోయింది. టప్!" అని పంచ్ టక్కున నొక్కాడు. "లేచాడు!"

"ఊ" అంది స్రవంతి, కళ్ళు తుడుచుకుంటూ.

మేధ సోఫా దిగి బాత్‌రూమ్ వైపు నడిచింది. గుమ్మం దగ్గర ఆగి వెనక్కి చూసి, "తాతా, కమ్ అండ్ సిట్" అంది. ఆయన బకెట్ బోర్లించుకుని తలుపు బయట కూచున్నాడు. నేను పెరుగు తోడు సంగతే మర్చిపోయి ఇంటికొచ్చాను. ఆ రాత్రి మా పాలు పాలలాగే ఉండిపోయాయి.

ఆ రోజు నుంచీ ఆయన కథలన్నీ ఆ బాత్‌రూమ్ తలుపు దగ్గరే. ఇవతల బకెట్ మీద ఈయన, లోపల్నించి "ఊ". వానాకాలం చదువులాగా సాగింది, కానీ మేధ ప్లేస్కూల్లో చేరింది. ఇక ఆయన్ని పట్టుకునేవాళ్ళు లేకపోయారు. కనబడిన తెలుగువాళ్ళందరితోనూ, "ఈ దేశంలో పిల్లలకి ఈ చదువు లేదండీ, నేనొచ్చి నేర్పాల్సొచ్చింది" అని చెప్పుకున్నాడు. నాతో మాత్రం ఒక్కటే, "నమిలిన పుస్తకం! ముందే చెప్పలా?" బస్సులో మళ్ళీ నిలబడ్డాడు.

చలి మొదలవుతుండగా వీసా గడువైపోయి వెళ్ళిపోయాడు. మళ్ళీ ఎండలకి వస్తానన్నాడు. ఆ చలికాలంలోనే ఒక ఉదయం స్రవంతి మా వంటింట్లోకి వచ్చింది. తోడు కోసమనుకుని నేను ప్రెస్ తలుపు, అదే వంటింటి అల్మారా తలుపు, తెరిచి గిన్నె తీస్తున్నాను.

"ఆంటీ, మావయ్య పోయారు."

నా నోటి నుంచి వచ్చింది ఒక్కటే. "ఊ."

రాత్రి భోజనం చేశారట. ఊ. పక్కింటి పిల్లలకి ఏదో కథ చెబుతున్నారట. ఊ. మధ్యలో మంచినీళ్ళు అడిగారట. ఊ. ఆ పిల్ల చెబుతూనే ఉంది, నేను గిన్నె పట్టుకుని ఒక్కో మాటకీ ఊ అంటూనే ఉన్నాను. అంతకన్నా నాకేమీ చేతకాలేదు.

మొన్న ఆ పుస్తకం ఇంటికి తెచ్చాను. టికెట్ తాత ఉన్నప్పుడు నెలల పిల్లాడు, ఇప్పుడు మూడో ఏడు నడుస్తున్న మా మనవడు ముందు చేసిన పని దాని మూల నోట్లో పెట్టుకోవడం. కొత్త పుస్తకాలు పది పక్కనే ఉన్నాయి సుమండీ. సాయంత్రం మేధ వచ్చింది, ఇప్పుడు ఆరో ఏడు, స్కూలు యూనిఫారంలో, ముందు పన్ను ఊడి. పుస్తకం వాడి నోట్లోంచి లాక్కుని, బొమ్మ వాడివైపు తిప్పి పట్టుకుని, పైనుంచి తలకిందులుగా చూస్తూ మొదలుపెట్టింది. సగం తెలుగు, సగం ఇంగ్లీషు. ఒక రాజు, సింహాసనం, ఏనుగు. అక్కడ ఆపేసింది. పుస్తకం మూసి, మా కిటికీలోంచి వాన చూస్తూ కూచుంది.

వాడు నా వైపు చూశాడు. నేనూ వాననే చూశాను.

చాలాసేపటికి, "ఊ" అన్నాడు.

"రైట్ రైట్" అని మేధ వేలు నాలిక్కి అద్దుకుంది.

ఇదీ సంగతి. ఇంతసేపూ ఊ కొట్టినందుకు మీ ఇల్లు చల్లగా ఉండాలి. మీ ఇంట్లో పుస్తకాల మూలలన్నీ నమిలి ఉండాలి, కొత్తగా నిగనిగలాడేది ఒక్కటీ ఉండకూడదు. మీ పిల్లలు ఏ సింహాసనం మీద కూచున్నా, తలుపవతల ఒక బకెట్ బోర్లించి ఉండాలి, దాని మీద ఎవరో ఒకరు కూచుని ఉండాలి.